వెల్ల కింది రంగులు

గోడ కనిపిస్తే మేస్త్రీ చెయ్యి ఊరుకోదు. తానా మేరా స్టేషన్ బయట రెండో నంబరు బస్సెక్కి మీ పక్కన కూర్చున్నప్పటి నుంచీ చూస్తున్నారు కదా, కిటికీలోంచి ఏ ప్రహరీ దాటినా ఆయన కుడిచేతి వేళ్లు తొడమీద మెల్లగా కదులుతాయి, తాపీ పట్టుకున్నట్టే. శ్రీకాకుళం జిల్లా మనిషి. పద్నాలుగేళ్లుగా సింగపూర్‌లో గోడలకు పూతపని. ఈసారి డిసెంబరు 24 ఆదివారం పడింది. సైటు లేదు, తెల్లవారుజామున గేటు దగ్గరికి లారీ రాదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. జేబులో నల్ల అట్ట పాటల పుస్తకం, దాని వెనక ఫోను. ఆ బరువుకి జేబు కిందికి సాగిపోయింది.

“ఇంతకీ మనం సూసేది గుడే కదండీ?” రెండోసారి అడుగుతున్నారు.

“గుడే. కాకపోతే జైలు గుడి.”

“జైల్లో గుడేటండీ!” అని నవ్వి మళ్లీ కిటికీ వైపు తిరుగుతారు. వాన అందుకుంది. మన వైపు క్రిస్మస్ అంటే మంచు, మునగదీసుకుని పడుకున్న పిల్లల్ని లేపే తెల్లవారుజాము పాటలు, గుమ్మంలో చలిమంట. ఇక్కడ డిసెంబరు వానల నెల. చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్కలోనే పండుగ వస్తుంది.

చాంగీ చాపెల్ అండ్ మ్యూజియం. పేరులోనే గుడి ముందు, మ్యూజియం తర్వాత. లోపలి ముంగిలిలో, పైన ఆకాశం కనిపించేలా, చిన్న చెక్క ప్రార్థనాలయం ఉంది. యుద్ధఖైదీలు శిబిరాల్లో కట్టుకున్న గుళ్ల నమూనాలో 1988లో కట్టి, 2001లో ఈ చోటికి తెచ్చారు. మీరు బల్లమీద కూర్చుంటారు. మేస్త్రీ కూర్చోరు. చెక్క అతుకులు చూస్తున్నారు.

ఇక్కడ ఒక శిలువ కథ వింటారు. ఫిరంగి గుండు ఇత్తడి తొడుగుని కోసి, సాగగొట్టి చేసిన శిలువ. ఎరిక్ కార్డింగ్లీ అనే సైనిక పాదిరీ నడిపిన సెయింట్ జార్జ్ గుడి కోసం 1942లో హ్యారీ స్టోగ్డన్ అనే సార్జెంటు చేశాడు. ఆ గుడి ఎక్కడో తెలుసా? వాడకంలో లేని ఒక చిన్న మసీదులో. పాదిరీని తర్వాత థాయ్‌లాండ్ రైలుపనికి పంపితే శిలువనూ వెంట తీసుకెళ్లాడు, తిరిగి తెచ్చాడు. దాన్ని చేసిన స్టోగ్డన్ మాత్రం యుద్ధం ముగిశాక ఇంటికి పోతూ దారిలో, సముద్రం మీదే చనిపోయాడు.

మేస్త్రీకి ఇత్తడి ముచ్చట నచ్చింది గానీ, “గోడ అన్నారు, ఏదండీ?” అంటారు.

నిజమే, మీరు ఆయన్ను రప్పించింది గోడ కోసం. ఆ గోడ ఇక్కడ లేదు. ఇక్కడికి కొద్ది దూరంలో, ఎయిర్‌బేస్ ఆవరణలో, మామూలు మనుషుల్ని మామూలుగా రానివ్వని చోట ఉంది. కాబట్టి 1942 లోంచి వెళ్లాలి. ఆ దారికి పాసు అక్కర్లేదు.

*

ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. చైనీయుల కొత్త సంవత్సరం నాడే. రెండు రోజులకు బ్రిటిష్, ఆస్ట్రేలియన్ సైనికులు వేల సంఖ్యలో చాంగీ వైపు నడక సాగించారు. అదే 17వ తేదీన భారతీయ సైనికుల్ని, సుమారు 40,000 మందిని, వేరుచేసి ఫారర్ పార్క్ మైదానంలో కూర్చోబెట్టారు. వాళ్ల దారి వేరయింది. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు చేరక బాధలు పడ్డారు. ఈ ఉదయం మీరు ఎక్కిన చాంగీ దారి తెల్లవాళ్ల చెర దారి. మన వాళ్ల దారికి మధ్యాహ్నం వెళ్తారు.

ఇప్పుడు మీరు రాబర్ట్స్ బారక్స్‌లో ఉన్నారు. అంతకుముందు సైనికులు పడుకునే భవనాలు, ఇప్పుడు ఖైదీల ఆసుపత్రి. బ్లాకు నంబరు 151, పై వార్డు. ఒక పడక మీద ఇరవై అయిదేళ్ల మనిషి. పేరు స్టాన్లీ వారెన్. యుద్ధానికి ముందు సినిమా హాళ్లకు పోస్టర్లు వేసేవాడు. సైన్యంలో చేరాక ఫిరంగి దళంలో శత్రువున్న దిక్కు గుట్టల్నీ చెట్లనీ కాగితం మీదికి ఎక్కించే పని ఇచ్చారు. అంటే బొమ్మలేసే చేతికి తుపాకీ గురి చూపే ఉద్యోగం. లొంగుబాటు తర్వాత బుకిత్ బతోక్‌లో జపాన్ సైన్యం కట్టించుకుంటున్న స్మారకానికి రోడ్డూ మెట్లూ వేసే కూలిపనిలో పడ్డాడు. అక్కడ ఓ పాదిరీ అడిగితే ఆస్బెస్టాస్ రేకుల గోడమీద దొరికిన బొగ్గుముక్కలతో యేసు పుట్టుక బొమ్మ గీశాడు. అందులో మరియమ్మకు మలయా స్త్రీ ముఖం పెట్టాడు. ఆ పక్కనే శిలువ మీంచి దేహాన్ని దింపుతున్న బొమ్మ. తర్వాత రక్త విరేచనాలు, వాటిమీద మూత్రపిండాల జబ్బు. మే నెలలో ఇక్కడికి మోసుకొచ్చారు.

ఆ పడక పక్కన మీరు నిలబడండి. కింది అంతస్తులో ఒక గది చివర ఖాళీచేసి గుడి చేసుకున్నారు. వైద్యుడైన లూకా పేరు పెట్టారు, ఆసుపత్రి గుడి గనక. నేల సందుల్లోంచి, మెట్లదారిలోంచి పాట పైకొస్తోంది. పదహారో శతాబ్దపు మెర్‌బెక్ కూర్చిన బాణీలో లిటనీ, విజ్ఞాపనల వరస. ఒకరు అడుగుతుంటే మిగతా గొంతులు బదులు పలికే పాట. మన ఊళ్లో గుడి వెనక వరసలో కూర్చున్న ముసలమ్మలు పల్లవి అందుకున్నట్టు, ఎవరి శ్రుతి వారిదే అయినా మొత్తానికి ఒకటే పాట. బియ్యం తప్ప ఇంకేమీ సరిగా దొరకని కడుపులు. ఆ బియ్యమూ బాగా పాలిష్ పట్టినది, బెరిబెరి తెచ్చేది. ఆ కడుపుల్లోంచి ఆ పాట. మంచం మీది మనిషి వింటున్నాడు.

కొంచెం లేవగలిగాక చాంబర్స్, పేన్ అనే ఇద్దరు పాదిరీలు వచ్చి అడిగారు, గుడి గోడలకు ఏమైనా వేస్తావా అని. ఒప్పుకున్నాడు. లూకా సువార్త తీసి చదువుకున్నాడు.

రంగులేవి?

మేస్త్రీ ఇక్కడ ముందుకు వంగుతారు. రంగుల సంగతి తేలకుండా ఏ పనీ మొదలవదని ఆయనకు తెలుసు.

దొరికినవి ఇవి. సైనిక వాహనాల మీద కళ్లు గప్పడానికి పూసే గోధుమరంగు కామఫ్లాజ్ పెయింటు. కొంత తెల్ల ఆయిల్ పెయింటు. ఇంకొంచెం ఎరుపు. నీలం కోసం, బిలియర్డ్స్ ఆటలో కర్ర మొనకు రుద్దుతారే ఆ సుద్దబిళ్లలు. వీటిని తెచ్చింది ఎవరో, ఎక్కడి నుంచో వారెన్ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. తోటి ఖైదీలే, పనులకు బయటికి పోయినప్పుడు జేబుల్లో, బట్టల్లో దాచి తెచ్చారు. దొరికితే శిక్ష తప్పదు. తిండి దొంగిలించి తెచ్చుకోవడం ఎవరికైనా అర్థమవుతుంది. తిననూ, అమ్మనూ పనికిరాని నీలం సుద్ద కోసం ప్రమాదం మీదికి తెచ్చుకున్న ఆ మనుషులే నాకు ఈ కథలో అందరికంటే ఎక్కువ గుర్తుండిపోతారు. వాళ్ల పేర్లు ఏ గోడమీదా లేవు.

చూడండి, కుంచె ఎత్తాడు. నాలుగు గీతలు. కూర్చుండిపోయాడు. నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. కాసేపు పని, తర్వాత విశ్రాంతి, మళ్లీ కొంచెం. రంగు తక్కువ గనక బొమ్మ పెద్దగా, గీత స్పష్టంగా ఉండాలి. చిన్నచిన్న మెరుగులకు తావు లేదు. అయిదు బొమ్మల్లో మొదటిది యేసు పుట్టుక. క్రిస్మస్ లోపల అయిపోవాలి.

అయిపోయింది కూడా. 1942 డిసెంబరు 25న ఆ గోడ ముందు నిలబడినవాళ్లలో మీరూ ఒకరు. వాసన మాత్రం ఆసుపత్రిదే, కొబ్బరాకుల తోరణాలది కాదు. గోధుమరంగు పశువుల పాక, మధ్యలో పసివాడు. చూడ్డానికి వచ్చిన జ్ఞానుల ముఖాలు ఒకే జాతివి కావు, తూర్పు దేశం పోలికలున్న ముఖమూ వాటిలో ఉంది. పోస్టర్లు వేసే మనిషికి తెలిసే ఉంటుంది, ఎవరి ముఖం ఎవరికి కనబడాలో. కావలి కాస్తున్న జపాన్ సైనికుడు వచ్చి చూసినా అందులో తనను వెళ్లగొట్టే గీత ఒక్కటీ లేదు. ఆ తర్వాత వేసిన శిలువ బొమ్మ కింద, తనను చంపుతున్నవాళ్లను క్షమించమని యేసు తండ్రిని వేడుకున్న మాటే రాశాడు.

అదే క్రిస్మస్‌కి ఇంకో పని కూడా జరిగింది. చాంగీ జైల్లో తల్లులతో పాటు బందీలైన పౌరుల పిల్లలకు ఇక్కడి సైనికులు చెక్కముక్కలతో, రేకులతో, చింకి గుడ్డలతో బొమ్మలు చేసి పంపారు. దీని గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఊహించుకోగలరు.

వారెన్ తోటివాళ్లను థాయ్-బర్మా రైలు మార్గానికి పంపారు. బొమ్మలు పూర్తికానందున ఆయన ఆగిపోయాడు. ఆ మార్గం మీద 12,000 మందికి పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. మలయా తోటల నుంచి తోలుకుపోయిన దక్షిణాది కూలీలు, ఇతర ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు. ఆ కూలీల కోసం ఎవరూ గోడమీద బొమ్మ వేయలేదు, నాకు తెలిసినంతలో.

*

“తర్వాతేటయింది గోడ?” మేస్త్రీ అడుగుతారు.

తర్వాత గుడి పోయింది. ఆ గదిని జపాన్ సైన్యం సామాన్ల కొట్టుగా మార్చింది. గోడలకు డిస్టెంపర్ కొట్టించింది. ఒకచోట దారి కోసం గోడ పగలగొడితే లూకా బొమ్మలో కింది భాగం దుమ్ములో కలిసిపోయింది. యుద్ధం ముగిసింది, ఖైదీలు ఇళ్లకు పోయారు. బొమ్మలు పోయాయనే అందరూ అనుకున్నారు, వేసినవాడితో సహా.

“డిస్టెంపరా?” మేస్త్రీ ముఖం విప్పారింది. “అయితే బతికిపోనాదండీ. బొమ్మేమో ఆయిల్ పెయింటు. డిస్టెంపరు నీళ్ల రంగు, తడిపి తుడిస్తే ఎల్లిపోతాది. దాన్ని చెరపలేదండీ ఆళ్లు. దుప్పటి కప్పినారు.”

ఇన్నేళ్లుగా ఈ కథ చదివిన మీకు ఆ దుప్పటి మాట తట్టలేదు.

దుప్పటి 1958లో తొలగింది. అప్పటికి ఆ భవనం బ్రిటిష్ వాయుసేన చేతిలో ఉంది. పాత గోడమీద వెల్ల కింద రంగు జాడ చూసి కొందరు మెల్లగా గోకారు. బొమ్మలు బయటపడ్డాయి గానీ వేసిందెవరో తెలియదు. పత్రికల్లో ప్రకటనలు ఇచ్చి వెతికారు. 1959లో దొరికాడు, లండన్‌లో ఓ బడిలో డ్రాయింగ్ మాస్టారుగా. మీ బొమ్మలు బతికున్నాయి, వచ్చి బాగుచేయండి అన్నారు.

ఆయన వెంటనే ఉప్పొంగి విమానం ఎక్కలేదు, దయచేసి ఇది గమనించండి. ఆ చోటిని మరిచిపోవడానికే అన్నేళ్లూ ప్రయత్నించిన మనిషి. చివరికి 1963 డిసెంబరులో వచ్చాడు. మళ్లీ 1982లో, ఇంకోసారి 1988లో. మూడు సార్లూ తన గీతల్ని తానే కొత్తచేశాడు. 1992లో కన్నుమూశాడు. పండుగ ప్రసంగాల్లో ‘నూతనపరచబడుట’ అన్న మాట వింటూ ఉంటాం, చిటికెలో అయిపోయే పనిలా. ఈయనకు పిలుపు అందాక కూడా కుంచె పట్టుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

మేస్త్రీ మీ ఫోన్ తీసుకుని ఆ పుట్టుక బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నారు. పసివాణ్ని కాదు, ఓ మూల పెచ్చు లేచిన చోటుని.

*

ఫారర్ పార్క్‌లో దిగి సెరంగూన్ రోడ్డు వైపు నడుస్తారు. 1942లో మన సైనికులు కూర్చున్న మైదానం ఇక్కడే. ఇప్పుడు ఆదివారం సాయంత్రమైతే చాలు, ఈ చుట్టుపక్కల కాలిబాటల మీద వేల మంది కూలీలు గుంపులుగా కూర్చుంటారు. మేస్త్రీ తీసుకెళ్లేది ఒక పాత భవనం మూడో అంతస్తుకి. అద్దె హాలు. మూడు గంటల సేపే మనది, ఆ తర్వాత ఇంకో భాష వాళ్లు వస్తారు. చెప్పులు బయట. లోపల కీబోర్డు, తబలా, ఒక కంజీర. ఫ్యాను రెక్కలకు తగలకుండా తాడుతో పక్కకు లాగి కట్టిన కాగితపు నక్షత్రం.

నూట ఇరవై కుర్చీలుంటాయేమో. ముందు వరసల్లో ఐటీ ఉద్యోగుల కుటుంబాలు, గుంటూరు నుంచి మనవడి కోసం వచ్చిన మామ్మలు. వెనక మన మేస్త్రీ లాంటివాళ్లు. కిటికీ పక్కన, ఒకే రకం పట్టంచు చీరల్లో ఆరుగురు ఆడవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు. డబ్బిచ్చి ఎగ్గొట్టడానికి వీల్లేకుండా నెలకు ఒక్క రోజైనా వీళ్లకు సెలవు ఇవ్వాల్సిందేనని 2023 జనవరి నుంచి ఇక్కడ నిబంధన ఉంది. ఆ ఒక్క రోజునీ ఈ తేదీకి దాచుకున్నారు. వాళ్లలో కోనసీమ ఆవిడ సాక్ష్యం చెప్పడానికి లేస్తుంది. నాలుగు క్రిస్మస్‌లుగా ఇంటికి పోలేదు. ఆవిడ పనిచేసే ఇంటివాళ్లు క్రైస్తవులు కారు, అయినా హాల్లో ఆరడుగుల క్రిస్మస్ చెట్టు పెట్టుకుంటారు. ఆ చెట్టుకి దీపాలూ గోళీలూ కట్టింది ఈవిడే. “నక్షత్రం కట్టేటప్పుడు స్టూలెక్కి, ఎవరూ సూడకుండా అక్కడే ప్రార్థన సేసుకున్నానండి,” అంటుంది. హాలంతా నవ్వుతుంది. ఆవిడ నవ్వదు.

అయ్యగారి వాక్యం పొడవు. క్రిస్మస్ వాక్యం ఎక్కడైనా పొడవే. మధ్యలో ఆయన ఒక మాట దగ్గర ఆగుతారు: నిరీక్షణ. బయట ఆ మాటకు ఎదురుచూపు అని అర్థం, బస్సు కోసం, ఉత్తరం కోసం. ఆశ అనే తేలిక మాట చేతిలో ఉండగా తెలుగు బైబిలు వాళ్లు ఆ చోట నిరీక్షణ అన్నారు. కాబట్టి తెలుగు క్రైస్తవుడికి ఆశపడటమూ ఎదురుచూడటమూ ఒకే మాటలో ఇరుక్కుపోయాయి. మీకది అనువాదపు బరువుగా అనిపించేది ఒకప్పుడు. ఈ కుర్చీల్లో కూర్చుంటే ఇంకే మాటా కుదరదనిపిస్తోంది. ఇక్కడున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఒక తేదీ ఉంది. అప్పు తీరే తేదీ, ఇంటి స్లాబు పడే తేదీ, టికెట్టు తేదీ.

ప్రార్థన అయ్యాక పులిహోర, కోడికూర, ప్లమ్ కేకు. కాగితపు ప్లేటు మీద ఈ మూడూ ఒకదాంట్లోకి ఒకటి జారుతుంటే మేస్త్రీ 2020 సంగతి చెబుతారు. ఏప్రిల్‌లో లాక్‌డౌన్ మొదలయ్యాక డార్మిటరీ గేట్లు మూశారు. గదిలో పన్నెండు మంది, రెండంతస్తుల మంచాలు. డిసెంబరు నాటికి ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం డార్మిటరీల్లో ఉన్నవాళ్లలో 47 శాతం మందికి వైరస్ సోకింది. ఈయనకూ సోకింది. ఆ క్రిస్మస్‌కి పై మంచం మీంచి టెక్కలి కుర్రాడొకడు నెమ్మదిగా పాట ఎత్తాడట. పక్క మంచాల వాళ్లు బంగ్లాదేశీయులు. పడుకోనివ్వండని కసురుకుంటారేమో అనుకున్నారట. “ఒకడు లేచి ఫోన్ లైటు ఏసి పైకి పెట్టినాడండీ, అంతే.” కేకు ముక్క నోట్లో పెట్టుకుని ఇంకేమీ చెప్పరు.

*

ఆర్చర్డ్ రోడ్డు దీపాలు చూడాలని మేస్త్రీ కోరిక. 1984 నుంచి ఏటా కడుతున్నారు. చూశారు. బాగున్నాయి. జనం తోపులాటలో ఆయన చెప్పు తెగింది. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

సిటీ హాల్ స్టేషన్ మెట్లు ఎక్కేసరికి రాత్రి పది దాటింది. వాన వెలిసింది. తడిసిన పచ్చిక మధ్యలో తెల్లగా సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్. ఈ చోట 1830ల్లో కట్టిన మొదటి గుడి మీద రెండుసార్లు పిడుగు పడింది, చివరికి కూల్చేశారు. ఇప్పుడున్నదానికి 1856 మార్చి 4న పునాది వేసి, 1862 జనవరి 25న ప్రతిష్ఠించారు. నమూనా వేసింది రోనాల్డ్ మెక్‌ఫర్సన్ అనే ఇంజినీరు. కట్టింది మాత్రం భారతదేశం నుంచి ద్వీపాంతరం పంపిన ఖైదీలు.

1825 నుంచి 1873 దాకా సింగపూర్ మనకు ఒక అండమాన్. బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీల నుంచి శిక్షపడ్డవాళ్లను ఓడల్లో ఇక్కడికి తెచ్చేవారు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మన కోస్తా, రాయలసీమ కూడా. అడవులు నరికారు, రోడ్లు వేశారు, ఇటుకలు కాల్చారు. వాళ్లమీద అధికారిగా ఉన్న మెక్‌నేర్ 1899లో రాసిన పుస్తకం పేరుకు అర్థం ‘ఖైదీలకు ఖైదీలే కాపలా’. ఆ పుస్తకంలో ఈ గుడి గోడల పూత ఎలా చేశారో ఉంది. మీరు అది చెప్పబోతుండగానే మేస్త్రీ స్తంభం దగ్గరికి వెళ్లిపోయారు.

అరచెయ్యి ఆనించారు. కాసేపు కదల్లేదు. తర్వాత వేలి గణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టి విన్నారు.

“పైన ఎన్నిసార్లు రంగేసినారో గానీ అడుగున సిమెంటు కాదండీ. సున్నం. సల్లదనం సూడండి. ఇసక నేదు ఇందులో.”

ఇసుక లేదనే మెక్‌నేర్ కూడా రాశాడు. గుల్లసున్నం, కోడిగుడ్ల తెల్లసొన, ముతక బెల్లం, ఇవి కలిపి ముద్ద అయ్యేదాకా దంచారు. కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో పలచన చేశారు. గోడకు పూసి, ఆరాక గుండ్రటి రాళ్లతోనూ స్ఫటికంతోనూ నిగనిగలాడేదాకా రుద్దారు. మద్రాసు చునం అన్నారు దాన్ని.

మేస్త్రీ వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు. “గుడ్లు, బెల్లం, కొబ్బరి...” ఆగిపోయి గట్టిగా నవ్వేశారు. “మా ఇంట్లో ఈ ఏళకి పొయ్యి మీదున్నవి ఇయ్యేనండీ!”

ఆ మాట తర్వాత గోడను చూస్తే పండుగ ముందటి వంటిల్లే కనబడుతుంది. రోటిపోటు, బెల్లం పాకం, గుడ్లసొన గిలక్కొట్టే గిన్నె చప్పుడు. ఇంటికి తిరిగి పోతామో లేదో తెలియని మనుషులు, తాము మొక్కని దేవుడి గుడికి, తమ పండుగల దినుసులు పూశారు. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. ఈ లోపల మోకరించే హక్కు గురించి వాళ్లనెవరూ అడిగి ఉండరు. క్రిస్మస్ ఆశను గురించి మాట్లాడేటప్పుడు నాకు ఈ గోడ దగ్గర గొంతు తడబడుతుంది. మనం ఆనుకుంటున్నది ఎవరి శిక్షాకాలమో తెలుసుకున్నాక హాయిగా ఆనుకోలేం. మేస్త్రీకి ఆ తడబాటు లేదు. పనివాడి పనిని పనివాడు మెచ్చుకున్నట్టు, మరోసారి అరచెయ్యి ఆనించారు.

లోపల వెలుగు పసుపుపచ్చగా ఉంది. 1942 ఫిబ్రవరిలో ఈ నడవ అంతా గాయపడ్డవాళ్లు, గుడి ఆసుపత్రి అయింది. ఆ ఏడాది క్రిస్మస్‌కి, అక్కడ చాంగీలో వారెన్ బొమ్మ తడి ఆరుతున్నప్పుడు, ఇక్కడ బిషప్ లెనార్డ్ విల్సన్ ఇంకా స్వేచ్ఛగానే ఉన్నారు. మత వ్యవహారాలు చూసే జపాన్ అధికారి ఒగావా తానూ ఆంగ్లికన్ క్రైస్తవుడు. ఆయన చొరవతో కొన్నాళ్లు ఆరాధనలు సాగాయి. 1943 మార్చిలో విల్సన్‌నూ చాంగీకి పంపారు. అక్టోబరులో కెంపెతాయ్, అంటే సైనిక పోలీసులు, గూఢచర్యం అనుమానంతో తీసుకుపోయి రోజుల తరబడి కొట్టారు. ఆయన బతికి బయటపడ్డారు. యుద్ధం తర్వాత, తనను హింసించినవాళ్లలో ఒకడు వచ్చి తల వంచితే, విల్సన్ అతని తలమీద చేతులుంచి సంఘంలోకి తీసుకున్నారు.

ఈ కథ మీరు మేస్త్రీ చెవిలో చెబుతారు. ఆయన చాలాసేపు మాట్లాడరు. తర్వాత, “ఆ సెయ్యి ఏసేటప్పుడు వణికుంటాదండీ,” అంటారు.

*

పన్నెండు. గంటలు మోగుతున్నాయి. పచ్చిక మీద తెలియనివాళ్లు తెలియనివాళ్లకు చేతులిస్తున్నారు. మేస్త్రీ తెగిన చెప్పు పక్కన పెట్టి, బయటి అరుగు మీద కూర్చుని ఫోన్ తీశారు. ఊళ్లో ఇంకా తొమ్మిదిన్నరే. వాళ్ల క్రిస్మస్ రావడానికి రెండున్నర గంటలుంది.

తెర మీద ముందు చీకటి, తర్వాత ట్యూబులైటు, తర్వాత భార్య. “హేపీ క్రిస్మస్,” అంటారు ఈయన. “అప్పుడేటి, మాకు రానేదు కదా,” అంటుంది ఆవిడ. వెనక ఎవరో నూనె మూకుడు దించుతున్న చప్పుడు. పండక్కి ఇంటికి వెల్ల వేశారట, చూడమని ఫోన్ తిప్పుతుంది. తెల్లటి వసారా గోడ, గుమ్మం పైన నక్షత్రం, ఒక పక్కకి ఒరిగి.

మేస్త్రీ కళ్లు చికిలించి ఫోన్ దగ్గరగా పెట్టుకుంటారు. “ఆ కిందన ఏటది, నల్లగా?”

“మరేటి, నీ మనవరాలి గీతలు. బొగ్గు పట్టుకుని గోడంతా గీసీసింది. రెండు రోజులయ్యింది వెల్లేసి, అయినా పైకి కనబడతన్నాది. రేపు పొద్దున్నే మళ్లీ ఇంకో సెయ్యి ఏయిస్తాను, అందరూ వస్తారు కదా.”

“వద్దులే.”

“ఏటి వద్దు?”

“ఉండనీ. ఏసింది బొమ్మా, ఉత్త గీతలా?”

ఫోన్ గోడ దగ్గరికి పోతుంది. వెల్ల కింద, మసకగా, రెండు సున్నాలు, వాటికి నాలుగేసి పుల్లలు. మనిషో, మేకో.

“మేకలా ఉన్నాదే,” అంటారు మేస్త్రీ. “తోక పెట్టడం మరిసిపోనాది. లేపు దాన్ని, ఒకపాలి మాట్లాడతాను.”